తుఫాను ముందు ఎన్ని రోజుల సరుకు కొనాలి? అంగడి వైపు నుంచి జవాబు

మీరు అడిగింది ఇదీ. ఒంగోలులో అద్దె ఇంట్లో ఉంటారు. మీరు, మీ ఆయన, ఇద్దరు పిల్లలు, మీ అత్తగారు. తుఫాను హెచ్చరిక రాగానే సూపర్ మార్కెట్‌కు వెళ్తే బ్రెడ్డు, పాలు, కూరగాయల అరలన్నీ ఖాళీ. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన మూడు నెలల సరుకు వేసుకోండి, తర్వాత దొరకదు అని పెద్ద లిస్టు పెట్టారు. అది చూసినప్పటి నుంచి మీకు టెన్షన్. ఎంత కొనాలి, ఏవి కొనాలి, అసలు ఇలా కొనడం అవసరమా అని అడిగారు.

నాది నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో కిరాణా వ్యాపారం. మా నాన్నగారి కాలం నుంచీ ఉంది, హోల్‌సేలూ చిల్లరా రెండూ చేస్తాం. కాబట్టి కాటా వెనక నిలబడినవాడికి కనిపించేది చెప్తాను. ముందు సూటిగా జవాబు: పది రోజులకు సరిపడా ఇంట్లో పెట్టుకోండి, చాలు. నీళ్లు, పాలు, మందుల లెక్క వేరు, అది కింద రాశాను. మూడు నెలల సరుకు అక్కర్లేదు. మన జిల్లాల్లో తుఫానుకు తెగేది దారి. సరుకు ఎక్కడికీ పోదు. దారి తెగినా కొద్ది రోజుల్లో ఏదో ఒక వైపు నుంచి లారీ వస్తుంది.

ఖాళీ అర చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది, కాదనను. కానీ అర ఖాళీ కావడానికి సరుకు కరువు రానక్కర్లేదు. వంద కుటుంబాలు నెలసరుకు తీసుకునే అంగడి ఒకటి అనుకుందాం. ఇంటికి రెండు కేజీల చొప్పున నెలకు రెండు వందల కేజీల కందిపప్పు పోతుంది. ఆ రెండు వందలూ మేం ఒకేసారి తెచ్చిపెట్టుకోం. డబ్బు ఇరుక్కుపోతుంది, పురుగు పడుతుంది, చోటూ చాలదు. వారానికి ఒక యాభై కేజీల బస్తా దింపుకుంటాం. ఇప్పుడు తుఫాను మాట విని ఒకే సాయంత్రం పాతికమంది వచ్చి తలా మూడు కేజీలు అడిగారనుకోండి. పదిహేడో మనిషికే బస్తా అడుగు కనిపిస్తుంది. పద్దెనిమిదో మనిషి ఖాళీ గోతం ఫోటో తీసి గ్రూపులో పెడతాడు. ఆ ఫోటో చూసి ఇంకో యాభై మంది బండ్లు తీస్తారు. సరిగ్గా అదే సమయానికి రెండు వీధుల అవతల హోల్‌సేల్ గోడౌన్‌లో బస్తాలు వరసలుగా పేర్చి ఉంటాయి. వానలో హమాలీలు రాలేదు, ఆటో దొరకలేదు, అంతే సంగతి.

సూపర్ మార్కెట్‌లో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. వాళ్లకు అరలో కనిపించేదే దాదాపు మొత్తం సరుకు, వెనక గదిలో ఉండేది కొంచెమే. బ్రెడ్డూ పాలూ అయితే ఏ రోజువి ఆ రోజువే, మిగిలితే నష్టం కనుక ఎవరూ ఎక్కువ తెప్పించరు. కంపెనీ ప్యాకెట్లకు లైన్, అంటే సేల్స్‌మన్ సరుకుతో వచ్చే వంతు, వారానికి ఒకసారో రెండుసార్లో వస్తుంది. మంగళవారం సేల్స్‌మన్ వచ్చే అంగడికి ఆదివారం జనం ఎగబడితే సోమవారం అంతా ఖాళీ అరే కనిపిస్తుంది. బుధవారం వెళ్లి చూడండి, మళ్లీ నిండుగా ఉంటుంది.

ఇక సరుకు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది. బియ్యం సంగతి చూడండి. పెన్నా కింద సాగయ్యే నేల ఇది. సోమశిల, కండలేరు నీళ్లతో పండిన వడ్లు నెల్లూరు, కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం చుట్టుపక్కల మిల్లుల్లోనే ఆడతారు. ప్రధాన పంట మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇళ్లకు వస్తుంది, మళ్లీ ఎడగారు అనే రెండో పంట ఉండనే ఉంది. మీ ఒంగోలుకు పడమటి వైపు దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల్లో కంది పండుతుంది. ఒంగోలు చుట్టూ కోల్డ్ స్టోరేజీల్లో శనగల బస్తాలు ఉంటాయి. ఉప్పుకైతే మా అల్లూరు మండలం ఇసకపల్లిలో, మీ వైపు చినగంజాంలో ఉప్పు పండించే కొఠార్లే ఉన్నాయి. కృష్ణపట్నం పోర్టు పక్కన పంటపాళెంలో వంటనూనె రిఫైనరీలు ఉన్నాయి. అంటే అన్నం, పప్పు, ఉప్పు, నూనె అనే నాలుగూ మనకు చేతికందే దూరంలోనే తయారవుతాయి.

దూరం నుంచి వచ్చేవి వేరే. ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు) కర్నూలు నుంచీ మహారాష్ట్ర నుంచీ, ఉర్లగడ్డలు (బంగాళాదుంపలు) ఆగ్రా వైపు నుంచి, తెల్లగడ్డలు (వెల్లుల్లి) మధ్యప్రదేశ్ నుంచి, గోధుమలు ఉత్తరాది నుంచి. టమాటా మదనపల్లె నుంచి. చక్కెర ఎక్కువగా మహారాష్ట్ర, కర్ణాటక సరుకు. కోవూరులో సహకార చక్కెర ఫ్యాక్టరీ ఒకటి ఉండేది, అది మూతపడి ఏళ్లయింది, ఆ కథ ఇక్కడ వద్దు. ఇవన్నీ లారీ మీద ఆధారపడ్డవి. వీటిలోనూ టమాటా, పచ్చిమిర్చి, ఆకుకూరల్లాంటివే రెండు మూడు రోజుల్లో కరువొస్తాయి. ఎర్రగడ్డలు, చక్కెర, పిండి మార్కెట్‌లో ఎప్పుడూ కొంత నిల్వ ఉంటాయి.

2021 నవంబర్ సంగతి మా వాళ్లెవరూ మర్చిపోరు. ఎగువ వానలకు సోమశిల నుంచి లక్షల క్యూసెక్కులు వదిలారు. పెన్నా పొంగి కోవూరు దగ్గర జాతీయ రహదారి కోసుకుపోయింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి చెన్నై, విజయవాడ మధ్య రైళ్లు ఎక్కడికక్కడ ఆగాయి. మద్రాసు రోడ్డు మీద లారీలు కిలోమీటర్ల కొద్దీ నిలబడ్డాయి. అంతకు మించిన దెబ్బ ఇంకేం కావాలి? అయినా మా పేటలో బియ్యం అయిపోలేదు, పప్పు అయిపోలేదు. అయిపోయినవి పాల ప్యాకెట్లు, కూరగాయలు, కొవ్వొత్తులు, నీళ్ల క్యాన్లు. నీళ్లు చొరబడ్డ కాలనీల్లో ఇంట్లో సరుకు ఉన్నవాళ్లూ ఇబ్బంది పడ్డారు, ఎందుకంటే సరుకు నేల మీద పెట్టుకున్నారు. మూటలు మూటలుగా కొన్నవాళ్లకు నష్టం ఇంకా ఎక్కువ. ఇది మీ ఊరికీ వర్తిస్తుంది. గట్టి వాన కురిస్తే ఒంగోలులో పోతురాజు కాలువ పక్క వీధులు ఏమవుతాయో మీకు నేను చెప్పాలా. ఇల్లు గ్రౌండ్ ఫ్లోర్ అయితే ఎంత కొన్నామన్నదాని కంటే ఎంత ఎత్తున పెట్టామన్నది చూసుకోండి.

ఇప్పుడు పుకార్ల గురించి, ఎందుకంటే మీ గ్రూపులో వచ్చిన లిస్టు ఆ జాతిదే. 2016 నవంబర్‌లో పెద్ద నోట్లు రద్దయిన రెండు మూడు రోజులకే ఉప్పు దొరకదని ఉత్తరాదిలో ఒక వదంతి లేచింది. ఢిల్లీ, ఉత్తరప్రదేశ్‌లలో కేజీ రెండొందలు, మూడొందలు పెట్టి కొన్నారు. ఇక్కడ మాకూ ఫోన్లు. ఇసకపల్లిలో ఉప్పు కుప్పలు పోసి ఉంటే, నెల్లూరులో కూర్చుని ఉప్పు ఉందా అని అడిగారు! మూడు వైపులా సముద్రం ఉన్న దేశంలో ఉప్పు కరువేంటని ఆగి ఆలోచిస్తే ఆ ఫోను చేయరు. భయంలో ఉన్నప్పుడు ఆ ఆగడమే కుదరదు. ఇలాంటి పుకారుకు ఆయుష్షు రెండు మూడు రోజులు. ఆ మూడు రోజులు మీరు ఏమీ కొనకుండా ఉంటే చాలు.

2020 వేరే తీరు. రాష్ట్రంలో మొదటి కరోనా పాజిటివ్ కేసు మా నెల్లూరులోనే, మార్చి 12న. కాబట్టి మిగతా ఊళ్ల కంటే మా దగ్గర గాభరా ముందే మొదలైంది. మార్చి 24 రాత్రి ప్రధాని 21 రోజుల లాక్‌డౌన్ అని చెప్పడం పూర్తి కాకముందే అంగళ్ల ముందు జనం. ఆ తర్వాత ఉదయం కొన్ని గంటలే అమ్మకాలు, కూరగాయల మార్కెట్లు తీసి మైదానాల్లోకి మార్చడం, ముగ్గులేసిన గడుల్లో నిలబడటం, అన్నీ చూశాం. అంత జరిగినా బియ్యం, పప్పు ఆగలేదు. ఆగింది ఏమిటంటే ప్యాకెట్ సరుకు: గోధుమపిండి ప్యాకెట్లు, బిస్కెట్లు, నూడిల్స్, సబ్బుల్లో కొన్ని రకాలు. ఫ్యాక్టరీలో ప్యాకింగ్‌కు మనుషులు లేరు, లారీలకు డ్రైవర్లు లేరు. లూజు గోధుమలు మాత్రం ఉన్నాయి. పిండిమర తీసి ఉన్న వీధుల్లో చపాతీకి లోటు రాలేదు. బ్రాండు పట్టుకుని కూర్చున్నవాళ్లే తిరిగారు. కొరత రోజుల్లో మొదట వదులుకోవాల్సింది బ్రాండునే.

మూడో రకం నిజమైన కొరత. ఇది నెలల తరబడి సాగుతుంది, ధరలో కనిపిస్తుంది. 2015 అక్టోబర్‌లో కందిపప్పు కేజీ రెండొందలు దాటింది గుర్తుందా? అప్పుడు చాలామంది ఇంకా పెరుగుతుందని పది కేజీలు, ఇరవై కేజీలు తీసుకున్నారు. ఆ ధర చూసి రైతులు కంది విపరీతంగా వేశారు, తర్వాతి ఏడాది పంట విరగకాసి 2017 మొదట్లో మద్దతు ధర క్వింటాలు 5,050 రూపాయలు కూడా రాక రైతులే ఏడ్చారు. నూనె కథా అంతే. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది. మనం తినే పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువ భాగం ఉక్రెయిన్, రష్యాల నుంచే దిగుమతి. లీటరు ప్యాకెట్ రెండొందల దగ్గరకు పోయింది. ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది, దాంతో ఇంకో కుదుపు. ఒక్కొక్కరు పదిహేను కేజీల టిన్నులు రెండేసి మోసుకెళ్లారు. ఇండోనేషియా మే 23కల్లా నిషేధం ఎత్తేసింది. ఆ తర్వాత ధర దిగుతూ వచ్చింది, మరుసటి ఏడాదికి బాగా తగ్గింది. టిన్ను వేసుకున్నవాళ్లు ఖరీదైన నూనెనే, అదీ చిక్కువాసన వచ్చేదాకా, వాడుకున్నారు. ధర ఎక్కడ ఆగుతుందో వ్యాపారం చేసే మాకే తెలియదు. గృహిణి సరుకు నిల్వపెట్టి లాభం చూడటం జూదమే. ధర పెరిగినప్పుడు చేయాల్సింది కొనడం తగ్గించడం, లేదా మార్చడం. సన్‌ఫ్లవర్ మండిపోతే వేరుశనగ నూనె కొంచెం, పామాయిల్ కొంచెం. కంది ప్రియమైతే వారంలో రెండు రోజులు పెసరపప్పు, ఒక రోజు శనగపప్పు.

ఈ పిచ్చి మనకే పరిమితం అనుకోకండి. 2023 జూలై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపిందని తెలియగానే అమెరికాలో మన పిల్లలు సోనామసూరి బస్తాలు కార్ల డిక్కీలు నిండా నింపుకున్న వీడియోలు అందరం చూశాం. స్టోర్ల వాళ్లు మనిషికి ఒక్క బ్యాగే అని బోర్డులు పెట్టారు. మా బంధువుల అబ్బాయి అక్కడి నుంచి ఫోను చేసి, పది బ్యాగులు కొన్నా, పురుగు పట్టకుండా ఏం చేయాలి మామా అని అడిగాడు. కొనే ముందు అడగొచ్చు కదా.

సరే, మీ ఇంటి లెక్కకు వస్తాను. మీ ఐదుగురికి రోజుకు సుమారు కేజీన్నర బియ్యం అనుకుంటే పది రోజులకు పదిహేను కేజీలు. 26 కేజీల బస్తా ఒకటి తీసుకుంటే రెండు వారాలు దాటి వస్తుంది, రెండో బస్తా వద్దు. పాత బియ్యం అడగండి. కొత్త బియ్యం ముద్దవడమే కాదు, తేమకు త్వరగా పాడవుతాయి. కందిపప్పు రెండు కేజీలు, పెసరపప్పు కేజీ, మినప్పప్పు మీ ఇడ్లీల అలవాటును బట్టి. నూనె రెండు లీటర్లు. ఉప్పు ఒక ప్యాకెట్, చింతపండు అర కేజీ, కారం, పసుపు, పోపు సామాన్లు ఇంట్లో ఉన్నవే సరిపోతాయి, ఒకసారి డబ్బాలు తీసి చూసుకోండి. ఎర్రగడ్డలు మూడు కేజీలు, ఉర్లగడ్డలు రెండు. అటుకులు, బొంబాయి రవ్వ కేజీ చొప్పున. కరెంటు లేక మిక్సీ, గ్రైండర్ ఆడనప్పుడు పిల్లలకు ఉప్మాయే దిక్కు. వేయించిన వేరుశనగ గింజలు, పుట్నాల పప్పు, బెల్లం పెట్టుకోండి, పొయ్యి వెలిగించకుండా పిల్లల ఆకలి తీరుతుంది.

మన వైపు ఇళ్లలో ఊరగాయ, పొడులు ఎటూ ఉంటాయి. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, ఊరమిరపకాయలు, వడియాలు. కూరగాయలు లేకపోయినా వీటితో నాలుగు రోజులు గడిచిపోతాయి. చేపలు తినేవాళ్లయితే ఎండుచేపలు, ఎండురొయ్యలు ముందే కొని బిగుతుగా మూసి పెట్టుకోండి, ఎందుకంటే తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు నుంచే వేట ఆగిపోతుంది, పచ్చి చేప కనపడదు.

కూరగాయల్లో జనం మొదట టమాటా మీద పడతారు. మీరు దోసకాయ, గుమ్మడికాయ, కంద, చేమగడ్డ, పచ్చి అరటి, సొరకాయ తీసుకోండి. ఇవి ఫ్రిజ్ లేకపోయినా వారం నిలుస్తాయి, ఆ రోజు వీటి కోసం ఎవరూ తోసుకోరు. టమాటా కావాలంటే దోరవి తీసుకోండి, పండినవి వద్దు. పచ్చిమిర్చి తొడిమెలు తీసి, తడి లేకుండా తుడిచి కాగితంలో చుడితే ఆగుతాయి. ఆకుకూరలు మొదటి రెండు రోజుల్లో వండేయండి. తుఫాను వెలిసిన మరునాడు పొద్దున మార్కెట్‌కు పరిగెత్తవద్దు. ఆ రోజు ఉన్న కాసిని కాయలకు అడిగిందే ధర. ఓపికపట్టి దారులు తెరుచుకున్నాక వెళ్తే అదే కాయ సగం ధరకు వస్తుంది. రైతుబజారు ధరల బోర్డు ముందు చూసుకుని తర్వాత బండి దగ్గర బేరమాడండి.

పాలకు పాలపొడి ఒక్కటే మందు. అర కేజీ ప్యాకెట్ ఒకటి చాలు. టెట్రా ప్యాక్ పాలు దొరికితే నాలుగు. నీళ్లు మాత్రం గట్టిగా లెక్కేయండి. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు మూడు లీటర్లు అనుకుంటే మీ ఇంటికి రోజుకు పదిహేను లీటర్లు. ఐదు రోజులకు ఇరవై లీటర్ల క్యాన్లు నాలుగు. కరెంటు పోతే మోటారు ఆడదు కనుక హెచ్చరిక రాగానే పైట్యాంకు నింపించండి, ఇంట్లో బిందెలు, బకెట్లు నింపండి. రెండో గ్యాస్ బండ ఖాళీగా ఉంటే ఇవాళే బుక్ చేయండి.

కిరాణా వాడిని నేనే చెప్తున్నా, సరుకుల కంటే ముందు మీ అత్తగారి మందుల చీటీ చూడండి. బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రలకు బదులు ఇంకేదీ పనికిరాదు. నెలకు సరిపడా ఉంచుకోవడం అత్యాశ కాదు. ఇన్సులిన్ వాడుతుంటే కరెంటు పోయినప్పుడు ఎలా చల్లగా ఉంచాలో మందుల షాపులో అడిగి పెట్టుకోండి.

చిల్లర నోట్లు కూడా. టవర్లకు కరెంటు లేకపోతే ఫోన్‌పే, గూగుల్‌పే రెండూ గోడ మీద స్టిక్కర్లే. అప్పుడు అందరి చేతుల్లో ఐదొందల నోట్లే ఉంటాయి, ఎవరి దగ్గరా చిల్లర ఉండదు. పది, ఇరవై, యాభై నోట్లు కలిపి ఒక రెండు వేలు డబ్బాలో ఉంచండి.

మూడు నెలల సరుకు వద్దని ఎందుకు ఇంత గట్టిగా అంటున్నానంటే, వానాకాలం తేమలో అది నిలవదు. బొంబాయి రవ్వ, గోధుమ రవ్వకు నెల తిరక్కుండా పురుగు వస్తుంది. దోరగా వేయించి చల్లారాక డబ్బాలో పోస్తే కొంచెం ఎక్కువ ఆగుతుంది. గోధుమపిండి చేదెక్కుతుంది. బియ్యానికి ముక్కపురుగు పడితే చాలామంది తెచ్చి ఎండలో పోస్తారు. అలా చేయకండి, గింజ పగిలి నూక అవుతుంది. నీడన గాలికి ఆరబోసి, జల్లించి, ఎండిన వేపాకు గానీ ఎండుమిరపకాయలు గానీ వేసి డబ్బాలో పోయండి. పప్పులకైతే ఎండ మంచిదే. బస్తాలు ఎప్పుడూ చెక్క మీద, గోడకు ఆనకుండా పెట్టాలి. నీళ్లు వచ్చే వీధి అయితే అటక మీదకు ఎక్కించండి.

ధరల గురించి కూడా అడిగారు, మీ వీధి అంగడిలో రాత్రికి రాత్రి రేటు పెంచారని. ఇందులో రెండు పక్షాలూ ఉన్నాయి. దాచిపెట్టి అమ్మేవాళ్లు లేరని నేను ప్రమాణం చేయను. ఉన్నారు. కానీ లూజు సరుకుకు ముద్రించిన ధర ఉండదు. ఇవాళ అమ్మిన బస్తా స్థానంలో రేపు కొత్త ధరకు బస్తా కొనాలి కాబట్టి అంగడివాడు కొత్త ధర చూసుకుని అమ్ముతాడు. అది మీకు మోసంలా కనిపిస్తుంది, మాకు అది బతుకు. ప్యాకెట్ సరుకు మాత్రం వేరు. దాని మీద ఉన్న ఎంఆర్‌పీ కంటే ఒక్క రూపాయి ఎక్కువ తీసుకున్నా చట్టం ప్రకారం తప్పే. బిల్లు అడగండి, ఇవ్వకపోతే ప్యాకెట్ ఫోటో తీసి 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. రేషన్ సరుకు గురించి అయితే 1967.

ప్యాకెట్ బరువు కూడా చదవండి. ధరలు పెరిగే రోజుల్లో కంపెనీలు ధర అలాగే ఉంచి లోపల సరుకు తగ్గిస్తాయి. లీటరు నూనె అంటే సుమారు 910 గ్రాములు తూగాలి. అదే సైజులో కనిపించే ప్యాకెట్ మీద 850 అని, ఇంకా తక్కువ అని ఉంటుంది. బియ్యం బస్తాలు 26 కేజీలకు ఎందుకు మారాయో తెలుసా? 2022 జూలైలో 25 కేజీల వరకు ఉన్న ప్యాకింగ్ మీద 5 శాతం జీఎస్టీ పడింది, మిల్లులవాళ్లు ఒక కేజీ పెంచి తప్పించుకున్నారు. కాబట్టి రెండు బస్తాల ధర పోల్చేటప్పుడు కేజీకి ఎంత పడుతోందో చూడండి.

ఒక మాట వ్యాపారి స్వార్థంతో చెప్తున్నానని అనుకున్నా పర్లేదు. నెల నెలా ఒకే అంగడిలో చీటీ ఇచ్చి సరుకు తీసుకునే ఇంటికి కొరత రోజుల్లో విలువ తెలుస్తుంది. సరుకు తక్కువ ఉన్నప్పుడు నేను మొదట పక్కన తీసిపెట్టేది ఖాతా ఉన్న ఇళ్లకే. బాకీ పద్దు రాసుకునేదీ వాళ్లకే. కరెంటు లేని రోజు చేతిలో డబ్బు లేకపోయినా వాళ్లు ఖాళీ చేతులతో వెళ్లరు. మామూలు రోజుల్లో ఆన్‌లైన్‌లో కొని, తుఫాను రోజున వచ్చి పది కేజీల పప్పు ఇవ్వమంటే నేను రెండు కేజీలే ఇస్తాను, మిగతా వాళ్లకూ కావాలి కదా. మనిషికి ఇంత అని అంగడివాడు గిరి గీస్తే కోపం తెచ్చుకోకండి, ఆ గిరి మీ వెనక నిలబడినవాళ్ల కోసం. పది నిమిషాల డెలివరీ యాప్‌లను నమ్ముకుని కూర్చోవద్దు, వాన పడగానే వాళ్లే మొదట ఆపేస్తారు. అది తప్పు కాదు, బైకు మీద వచ్చే కుర్రవాడి ప్రాణమూ ప్రాణమే.

ఇంకో రెండు చిన్న సంగతులు. మీ ఇంట్లో పనిచేసే ఆమెకు, వాచ్‌మన్ కుటుంబానికి ముందు రోజే జీతంలో కొంత ఇవ్వండి. పది రోజుల సరుకు ఒకేసారి కొనగలగడం అందరి వల్లా కాదు. ప్రభుత్వం ముంపు ప్రాంతాల వాళ్లకు సాయం ఇస్తుంది. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను అప్పుడు బాధిత కుటుంబాలకు 25 కేజీల బియ్యం, కేజీ కందిపప్పు, లీటరు పామాయిల్, కేజీ చొప్పున ఎర్రగడ్డలు, ఉర్లగడ్డలు ఇస్తామన్నారు. అది చేతికి అందేలోపు గడిచే నాలుగు రోజులే వాళ్లకు కష్టం.

మీ గ్రూపులో లిస్టు పెట్టిన ఆయనతో గొడవ వద్దు. పై లెక్కలో మీ ఇంటికి తగ్గట్టు మార్చుకుని ఆ గ్రూపులోనే పెట్టండి. పెట్టే ముందు ఇంట్లో ఉన్న డబ్బాలు ఒక్కసారి తీసి చూడండి. సగం సామాను ఇప్పటికే ఉండి ఉంటుంది. అప్పుడు కొనాల్సిన చీటీ ఎంతకు వచ్చిందో ఇక్కడ రాయండి, ఏమైనా తగ్గించొచ్చేమో చూసి చెప్తాను.